చావు లేకపోతే చాకిరీ ఎవరిది?

"అమ్మా, మనుషులకి చావే లేకుండా చేసే మందు వస్తే నువ్వు వేసుకుంటావా?"

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆదివారం మధ్యాహ్నం, నేను ఇడ్లీకి పప్పు నానబోస్తున్నాను. "ముందు రేపటి పరీక్షకి చదువుకోవే, చావు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను, అమ్మలందరూ అనేమాటే. అది నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రాత్రి వంటిల్లు సర్దుకుంటున్నా అదే, మర్నాడు పిండి రుబ్బుకుంటున్నా అదే.

దానికి ఆ ఆలోచన రావడానికి కారణం అమెరికాలోని బ్రయాన్ జాన్సన్ అనే కోటీశ్వరుడు. 2013లో తన కంపెనీని 80 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. అప్పట్నుంచీ కాకపోయినా, కొన్నేళ్ళుగా ఆయన పని ఒక్కటే, వయసు పెరగకుండా చూసుకోవడం. అందుకోసం ఏడాదికి ఇరవై లక్షల డాలర్లు ఖర్చవుతోందని తనే చెప్పుకున్నాడు. రోజుకి గుప్పెళ్ళకొద్దీ మాత్రలు, కొలిచి తినే తిండి, లెక్కపెట్టి పడుకునే నిద్ర. "చావొద్దు" అన్నది ఆయన నినాదం. అంతవరకూ ఆయన డబ్బు, ఆయన ఇష్టం అనుకోవచ్చు. కానీ 2023లో ఆయన పదిహేడేళ్ళ కొడుకు రక్తం నుంచి ప్లాస్మా తీయించి తను ఎక్కించుకున్నాడు. తన ప్లాస్మాని డెబ్భై ఏళ్ళ తండ్రికి ఇచ్చాడు. కుర్రవాళ్ళ ప్లాస్మాతో వయసు తగ్గుతుందనడానికి రుజువు లేదని, ప్రమాదం కూడా ఉండొచ్చని అక్కడి ప్రభుత్వ ఔషధ సంస్థ 2019లోనే హెచ్చరించింది. చివరికి తనకి ప్రయోజనమేమీ కనబడలేదని ఆయనే ఒప్పుకుని మానేశాడు.

ఇది చదవగానే నాకు యయాతి గుర్తొచ్చాడు. మీకూ వచ్చే ఉంటాడు. మామగారు శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం వస్తే, కొడుకుల్ని పిలిచి ఒక్కొక్కణ్ణీ యౌవనం ఇమ్మని అడిగాడు. పెద్దవాళ్ళు కాదన్నారు. చిన్నవాడు పూరుడు సరేనన్నాడు. వెయ్యేళ్ళు అనుభవించాక గానీ యయాతికి కోరికలకి అంతులేదని తెలిసిరాలేదు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు పూరుడి పితృభక్తే గొప్పగా అనిపించేది. ఇప్పుడు, ఇద్దరు పిల్లల తల్లిగా, శర్మిష్ఠ గుర్తొస్తోంది. పూరుడు ఆవిడ కొడుకు. పడుచువాడైన మొగుడి పక్కన, తల నెరిసి వంగిపోయిన కొడుకుని చూసుకుంటూ ఆవిడ ఏమనుకుని ఉంటుంది? ఎవరైనా ఆవిణ్ణి అడిగారా?

అసలు మనకి ముసలితనం ఎందుకొస్తుందని శాస్త్రజ్ఞులు ఎంతో కాలంగా వెతుకుతున్నారు. కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు తేలిగ్గా అర్థమైంది. చీర కొంగుకి కుచ్చులు కట్టుకుంటాం కదా, పోగులు ఊడిపోకుండా. మన కణాల్లోని క్రోమోజోములకి కూడా చివర్లలో అలాంటి రక్షణ ఉంటుంది. దాన్ని టెలోమియర్ అంటారు. కణం రెండుగా చీలిన ప్రతిసారీ ఆ కుచ్చు కాస్త పొట్టిదవుతుంది. బాగా పొట్టిదయ్యాక కణం చీలడం మానేస్తుంది. మామూలు మనిషి కణాలు ప్రయోగశాలలో ఓ యాభైసార్లు అటూ ఇటూగా చీలి ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఈ టెలోమియర్ల గుట్టు విప్పినందుకు 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కేరల్ గ్రైడర్. ఆ సంగతి మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాను.

"మరైతే ఆ కుచ్చు తరగకుండా చేస్తే సరిపోతుందిగా?" అంది అది. అక్కడే ఉంది చిక్కు. కుచ్చు తరగకుండా, ఎన్నిసార్లయినా చీలుతూ పోయే కణాలు మన ఒంట్లో పుడితే వాటికున్న పేరు కేన్సర్. ఎక్కువ రకాల కేన్సర్ కణాలు చేసే పని ఇదే. కణానికి చావు లేకపోతే, ఆ కణమున్న మనిషికి చావొస్తుంది.

దీనికి సాక్ష్యం హెన్రియెట్టా లాక్స్ అనే ఆవిడ కథ. అమెరికాలో పొగాకు తోటల్లో పనిచేసిన పేద నల్లజాతి స్త్రీ. అయిదుగురు పిల్లల తల్లి. 1951లో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఆవిడ కణితి నుంచి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకి పంపించారు. ఆవిణ్ణి అడగలేదు, ఆవిడకి చెప్పలేదు. అదే ఏడాది అక్టోబరులో ఆవిడ చనిపోయింది. అప్పటికి వయసు 31. కానీ ఆ కణాలు మాత్రం చావలేదు. రోజుకోసారి రెట్టింపవుతూ, ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో బతికే ఉన్నాయి. హీలా కణాలంటారు వాటిని. పోలియో టీకాని పరీక్షించడానికి అవి పనికొచ్చాయి. లెక్కలేనన్ని మందుల పరిశోధనకి పనికొచ్చాయి. వాటిని అమ్మి డబ్బు చేసుకున్నవాళ్ళున్నారు. ఆవిడ పిల్లలకి ఈ సంగతి తెలియడానికి ఇరవై ఏళ్ళు పైగా పట్టింది. 2023లో గానీ ఓ పెద్ద కంపెనీ వాళ్ళ కుటుంబంతో రాజీకి రాలేదు.

అంటే సైన్సు ఇంతవరకూ ఎవరికైనా అమరత్వం ఇచ్చిందంటే, అది ఓ పేద తల్లి కణితికి. తల్లి పోయింది, కణితి మిగిలింది. ఆ చావులేనితనానికి ఖరీదు కట్టినవాళ్ళు ఒకరు, లాభం తిన్నవాళ్ళు ఇంకొకరు. ఈ కథ చదివాక మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

ఇదంతా చెప్పి, నేను సైన్సుకి వ్యతిరేకినని అనుకునేరు. కానే కాదు. మనకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. ఇప్పుడు దాదాపు 70. మా నాయనమ్మ తొమ్మిదిమందిని కని నలుగుర్ని మట్టిలో పెట్టింది. మనలో ఎంతమందికి ఆ కడుపుకోత తెలుసు? తెలియకపోవడానికి టీకాలూ, మందులూ, మంచినీళ్ళూ, ఆసుపత్రి పురుళ్ళే కారణం. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తీసుకోండి. అమెరికా వెళ్ళి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే దారి చూపించిన బృందానికి పెద్ద ఆయనే. కడుపుతో ఉన్నప్పుడు మనం మింగే ఐరన్, ఫోలిక్ మాత్ర ఉందే, అందులో మన తెలుగువాడి కష్టం ఉంది. బిడ్డ వెన్నెముక సరిగ్గా ఏర్పడటానికి ఆ ఫోలిక్ ఆమ్లం కావాలి. చిన్నపిల్లల రక్త కేన్సర్‌కి తొలి మందులు కూడా ఆయన ప్రయోగశాల నుంచే వచ్చాయి. అంతమందికి ఆయుష్షు పోసిన మనిషి 1948లో యాభై మూడేళ్ళకే కన్నుమూశారు. అకాల మరణాన్ని ఆపే సైన్సుకి నేను రెండు చేతులా దండం పెడతాను. కాలం తీరిన మరణాన్ని కూడా ఆపుతాననే సైన్సు దగ్గరే నాకు భయం.

ఆ భయానికి కారణం మా ఇంట్లోనే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట, ఇవాళ రాస్తున్నాను.

మా అత్తయ్య నాలుగేళ్ళ కిందట పోయారు. అప్పటికి ఆవిడకి 79. రెండేళ్ళ ముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఓ రోజు నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎడమచేత్తో సాయం చేస్తూ అన్నారు. "అమ్మాయ్, నన్ను మాత్రం ఆ గొట్టాలతో కట్టెయ్యకండి. వీధి గుమ్మం దగ్గర మంచం వేయండి చాలు. పాలబ్బాయి వచ్చేదీ పోయేదీ చూస్తూ పోతాను." నేను నవ్వేసి, "ఇప్పుడెందుకండీ ఆ మాటలు" అన్నాను.

తర్వాత న్యుమోనియా వచ్చింది. పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వెంటిలేటర్ మీద పెట్టారు. పందొమ్మిది రోజులు. వారం తిరక్కుండానే డాక్టరుగారు మెల్లగా చెప్పారు, ఇంక ఆశ లేదని, నిర్ణయం మీదేనని. మావారు నోరు విప్పలేకపోయారు. మా ఆడపడుచు "అమ్మని మన చేతుల్తో ఎలా పంపుతాం" అని ఏడ్చింది. అత్తయ్య అన్న మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే నేను కోడల్ని. కూతురు "చాలు" అంటే అది బాధ. కోడలు "చాలు" అంటే దానికి లోకం పెట్టే పేరు వేరు. అమ్మాయి చదువుకని కొనుక్కున్న స్థలం ఆ నెలలోనే అమ్మాం. అందుకు నాకు బాధ లేదు. ఆవిడ చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి, గొట్టం లాగేసుకుంటారని. ఆ కట్టిన చేతులే నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంటాయి. గుమ్మం లేదు, పాలబ్బాయి లేడు.

కాబట్టి అమరత్వమనేది ఎక్కడో అమెరికా కోటీశ్వరుల గొడవ అని నేననుకోను. దాని చిన్న తమ్ముడు మన ఊళ్ళోకి ఎప్పుడో వచ్చేశాడు. ఊపిరిని యంత్రం పొడిగించగలదు. ఆ పొడిగించిన రోజుల్లో మనిషి ఉందో లేదో చూసే పని యంత్రానిది కాదు.

ఇక రెండో మాట. ఆయుష్షు పెరిగిన కొద్దీ చాకిరీ పెరుగుతుంది. ఆ చాకిరీ ఎవరిది? 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వే ప్రకారం ఇంటిపనిలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు గడుపుతుంటే, చేసే మగవాళ్ళు కూడా 97 నిమిషాలే. ముసలివాళ్ళకి మందులివ్వడం, పక్క మార్చడం, పడుకోబెట్టి స్నానం చేయించడం, ఇవన్నీ కోడలివో కూతురివో. రేపు మనిషి నూట యాభై ఏళ్ళు బతికితే ఆ ఇంట్లో అయిదు తరాలుంటాయి. ఎనభై ఏళ్ళ కోడలు నూట అయిదేళ్ళ అత్తగారికి చాకిరీ చేస్తూ, వాళ్ళ పెద్దత్తగారికి కషాయం కాస్తూ ఉంటుంది. నవ్వొస్తోంది కదూ? నాకు మాత్రం ముందు నడుం నొప్పొచ్చింది.

సేవ అంతా భారమేనని కూడా అనను. ముంబయిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973లో దారుణమైన దాడికి గురై, 2015లో చనిపోయేదాకా 42 ఏళ్ళు స్పృహ లేనట్టే మంచంలో ఉంది. అదే ఆసుపత్రి నర్సులు, తరం తర్వాత తరం, ఆమెని సొంత మనిషిలా చూసుకున్నారు. ఆమెని పోనివ్వమని వేసిన పిటిషన్‌ని వాళ్ళే వ్యతిరేకించారు. వాళ్ళ ప్రేమని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ ఆ కేసులోనే, 2011లో, బతుకుని యంత్రాలతో సాగదీయకుండా ఆపే దారి గురించి సుప్రీంకోర్టు మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. 2018 మార్చి 9న మరో తీర్పులో, నాకు ఇలాంటి వైద్యం వద్దని ఎవరైనా ముందే రాసిపెట్టుకోవచ్చంది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరణ చేయిస్తే చాలు. మన తరఫున మాట్లాడాల్సిన వాళ్ళ పేర్లు అందులో రాయాలి. మనం చెప్పుకోలేని స్థితి వచ్చినప్పుడు, ఆసుపత్రిలో డాక్టర్ల బృందాలు రెండు పరిశీలించాకే అది అమలవుతుంది.

ఈ సంగతి అప్పుడు నాకు తెలిసుంటే, అత్తయ్య మాటని ఓ కాగితం మీద పెట్టించేదాన్ని. ఆ కాగితం ఉంటే కోడలు నోరు విప్పాల్సిన పనే ఉండేది కాదు. ఆవిడే మాట్లాడేవారు.

పెళ్ళిశుభలేఖల్లో చి.ల.సౌ. అని రాసుకుంటాం. చిరంజీవి అని దీవిస్తాం. ఆ దీవెన మంచిదే, అది తీసేయమనను. నూరేళ్ళు బతకమనడంలో ప్రేమ ఉంది. కానీ ఆ నూరేళ్ళు కొడుకు రక్తంతోనో, పేదరాలి కణాలతోనో, కోడలి నడుముతోనో తీర్చాల్సిన బాకీ కాకూడదని నా కోరిక. ఏ కొత్త మందు వచ్చినా నేను అడిగే ప్రశ్నలు మూడే. ఇది ఎవరికి అందుతుంది? దీని ఖరీదు ఎవరు కడతారు? వద్దనుకునే హక్కు నాకుంటుందా?

మొన్న మా అమ్మాయి మళ్ళీ అడిగింది. "నువ్వింకా చెప్పలేదు. ఆ మందు వేసుకుంటావా?"

"వేసుకోను" అన్నాను.

"నేను వేసుకోమంటే?"

దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దాన్ని వదిలి వెళ్ళాలని ఏ తల్లికి ఉంటుంది? ఆ రోజు మా ఆడపడుచుకి కూడా ఇదే బాధ కదా అని అప్పుడనిపించింది. ఆవిడ మీద నాలుగేళ్ళుగా నాకున్న కినుక కాస్త కరిగింది.

వచ్చే వారం నేనూ మావారూ నోటరీ దగ్గరికి వెళ్తున్నాం. మా ఆడపడుచుకి ఫోన్ చేసి, సాక్షి సంతకానికి రమ్మన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వస్తాను వదినా, నాది కూడా రాయించుకుంటాను" అంది.