నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

వేసవి వచ్చిందంటే శ్రీశైలం ఘాట్‌లోనో, శృంగవరపుకోట దాటి అరకు ఎక్కే దారిలోనో బానెట్ ఎత్తి పక్కకు ఆపిన కార్లు కనిపిస్తాయి. ఒకాయన చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటాడు. వెనక నుంచి ఎవరో ‘ఆగండి, ఆగండి’ అని అరుస్తుంటారు. అరిచినవారి మాట వినడమే క్షేమం. వేడి మీద మూత తీస్తే లోపలి నీళ్లు ముఖాన ఎగజిమ్ముతాయి. చల్లారేదాకా ఆగి, తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు పోసి, మళ్లీ బయలుదేరతారు. ఊరు చేరాక ఆ సంగతే మరిచిపోతారు. కొన్నాళ్లకు మళ్లీ సీసా తీయాల్సి వస్తుంది.

పెట్రోలు ఖర్చవుతుంది. ఇంజన్ ఆయిల్ కూడా కొంత తగ్గుతుంటుంది. కూలెంట్ అలా ఖర్చయ్యే సరుకు కాదు. ఇంధనం మండగా పుట్టిన వేడిలో దాదాపు మూడో వంతును మోసుకెళ్లి, రేడియేటర్ దగ్గర గాలికి వదిలేసి, మళ్లీ ఇంజన్‌లోకే వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ మట్టం కాస్త దిగితే దిగవచ్చు గానీ, నెలనెలా పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోస్తూ ఉంటే బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ఎక్కడ కారుతోందన్న ప్రశ్న మనం వేయం.

వేసినా జవాబు వెంటనే దొరకదు. బండి నడిచేటప్పుడు రేడియేటర్, గొట్టాల లోపల బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. మూతలోని స్ప్రింగు దాన్ని పట్టి ఉంచుతుంది. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపిన కూలెంట్ ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల దగ్గర కూడా మరగదు. అదే ఒత్తిడికి రబ్బరు గొట్టంలోని సన్నటి పగులు విచ్చుకుంటుంది, ఇంజన్ చల్లారేసరికి మూసుకుంటుంది. కారిన నాలుగు చుక్కలూ వేడి ఇనుము మీదే ఆరిపోతాయి. షెడ్డుకు తీసుకెళ్లేసరికి అంతా పొడి. మెకానిక్‌కు దొరికేదల్లా ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో పేరుకున్న చార. కారు కింద తడి కనిపించినా నమ్మడానికి లేదు, ఎండాకాలంలో అది చాలాసార్లు ఏసీ నీళ్లే. వేళ్ల మధ్య జారుడుగా తగిలి, తియ్యటి వాసన వేస్తే మాత్రం కూలెంట్ అనుకోవచ్చు. నాలుకకు తగలనివ్వకూడదు, విషం. ఆ తీపికే కుక్కలు నాకి ప్రాణాలు పోగొట్టుకుంటాయి. గచ్చు మీద పడితే ముందు కడిగేయాలి.

చేయి తిరిగిన మెకానిక్ ఇంజన్ చల్లగా ఉండగానే మూత స్థానంలో ఒక చిన్న చేతి పంపు బిగిస్తాడు. మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి దాకా గాలి కొట్టి, గేజీలో ముల్లు దిగుతోందా అని చూస్తూ కూర్చుంటాడు. దిగితే టార్చి లైటు పట్టుకుని వెతుకులాట. గొట్టం చివర క్లిప్పు వదులైందా? వాటర్ పంపు కింద చిన్న రంధ్రం తడిగా ఉందా? ఆ రంధ్రం పెట్టిందే లోపలి సీలు పోయిందని చెప్పడానికి. ముందు సీటు కింద కార్పెట్ చెమ్మగిల్లి, అద్దం లోపలివైపు మసకబారుతుంటే డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్‌ను అనుమానించాలి. బయట ఎక్కడా చుక్క లేకపోతేనే భయపడాలి. హెడ్ గ్యాస్కెట్ పోతే కూలెంట్ సిలిండర్‌లోకే పోయి, తెల్లటి పొగగా సైలెన్సర్ నుంచి బయటపడుతుంది. ఇంత వెతికాక దోషం మూతదేనని తేలడమూ ఉంది. కొన్ని వందల రూపాయల్లో వచ్చే ఆ మూత స్ప్రింగు సడలితే, రేడియేటర్ ఎంత కొత్తదైనా కూలెంట్ పొంగి పోతూనే ఉంటుంది.

పసుపు మాట ఎత్తకపోతే లారీ డ్రైవర్లకు కోపం వస్తుంది. కారే రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేసి ఇల్లు చేరినవారు నిజంగానే ఉన్నారు. ఇల్లు చేరడానికైతే సరే. దాన్నే వైద్యమనుకుని వదిలేస్తే, ఇప్పటి అల్యూమినియం రేడియేటర్ల సన్న గొట్టాలు పూడుకుపోయి కొత్త రోగం మొదలవుతుంది.

రాగి, ఇత్తడి రేడియేటర్ల కాలంలో విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పనికే ప్రత్యేకంగా దుకాణాలుండేవి. రేడియేటర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి, గాలి కొట్టి, బుడగ లేచిన చోట సోల్డరింగ్ చేసేవారు. లోపం కళ్ల ముందే కనిపించేది. ఇప్పుడు అల్యూమినియం జాలీకి రెండు పక్కలా ప్లాస్టిక్ ట్యాంకులు నొక్కి బిగిస్తున్నారు. ప్లాస్టిక్ పగిలితే సోల్డరింగ్ కుదరదు, మొత్తం మార్చడమే. మార్చడం తేలికయ్యేకొద్దీ వెతికే ఓపిక తగ్గింది. డ్రైవర్‌కు కనబడే హెచ్చరికా తగ్గింది. చాలా కొత్త కార్లలో వేడి చూపే ముల్లు తీసేసి, దాని బదులు ఒక దీపం పెట్టారు. కూలెంట్ బొత్తిగా లేకుండా పోతే సెన్సర్ ఉత్త గాలిలో ఉండిపోతుంది గనుక, ఇంజన్ మాడుతున్నా ఆ దీపం సమయానికి వెలగకపోవచ్చు.

తప్పంతా మెకానిక్‌లదే అనలేం. ఆరు వేలు పెట్టి రేడియేటర్ మార్పిస్తే మారు మాట్లాడకుండా ఇస్తాం. రెండు గంటలు వెతికి క్లిప్పు బిగించి అయిదు వందలు అడిగితే ‘క్లిప్పు బిగించినందుకా?’ అంటాం. పరికరానికి ధర ఉంది, పరీక్షకు లేదు. అలాంటప్పుడు పరీక్ష మానేసి పరికరాలు మార్చడమే అతనికి గిట్టుబాటు. పైగా పని అక్కడితో అయిపోదు. కొత్త కూలెంట్ పోశాక లోపల చిక్కుకున్న గాలి బయటికి రావాలి. ఫ్యాను తిరిగేదాకా ఇంజన్ నడిపి చూడాలి. పూర్తిగా చల్లారాక మట్టం మరోసారి చూడాలి. అందుకే మంచి మెకానిక్ బండిని రాత్రికి వదిలి వెళ్లమంటాడు. మనకేమో సాయంత్రానికల్లా కావాలి. కొన్ని షెడ్లలో లీకు పరీక్ష అని బిల్లులో విడిగా ఒక పద్దు రాస్తున్నారు. బేరమాడాలనిపిస్తే ఆ పద్దు వదిలేసి మిగతా వాటి మీద ఆడొచ్చు.