ఉపాధ్యాయుని ఆత్మపరీక్ష

ఉపకారవేతనముల దరఖాస్తులు నింపవలసిన దినమున, హాజరుపట్టీ చేతబట్టుకొని, "ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి" అని తరగతిలో ఆదేశించు ఉపాధ్యాయుని మనస్సున ద్వేషమేమియు లేకపోవచ్చును. పని త్వరగా ముగించుటయే ఆయన ఉద్దేశము. కాని తలవంచుకొని లేచిన బాలునికిని, వానివైపు తిరిగి చూచిన తోటివారికిని ఆ క్షణమున అందిన పాఠము మిక్కిలి క్రూరమైనది.

ఆ పాఠము ఎంత లోతుగా నాటుకొనునో ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామములలో 6, 7 తరగతుల బాలురతో జరిపిన పరిశోధన తెలుపుచున్నది. కాగితముపై గీసిన చిక్కుదారులలో త్రోవ కనుగొను పరీక్షయందు, కులప్రసక్తి లేనప్పుడు దళిత బాలురును అగ్రవర్ణ బాలురును ఇంచుమించు సమముగనే నెగ్గిరి. అందరి యెదుట పేరుతోపాటు కులమును గూడ చదివినప్పుడు మాత్రము దళిత బాలుర ఫలితములు తగ్గిపోయినవి.

కావున "నాకు పిల్లలందరు సమానులే" అను సద్భావము చాలదు. కఠినమైన ప్రశ్న ఎల్లప్పుడు ముందు బెంచీవారికే వేయుట, గది ఊడ్చు పని కొందరికే అప్పగించుట, తండానుండి లంబాడీ పలుకుతో వచ్చిన బాలిక తెలుగున తడబడినచో మందబుద్ధి యని తలచుట, ఇవన్నియు అలవాటు ముసుగులో సాగిపోవు పక్షపాతములు. 2009 నాటి విద్యాహక్కు చట్టము మానసిక వేధింపును నిషేధించినది గాని, అలవాటును కనిపెట్టుట చట్టమునకు సాధ్యము కాదు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాషను ముందుగా తాను నేర్చి, ఆ భాషలో వాచకములు కూర్చి, సవర పిల్లలకు బడులు పెట్టించెను. పిల్లవానియందు లోపము వెదకుటకు ముందు తన యెరుకలోని కొరతను తీర్చుకొనిన గురువాయన.

అట్టి దృష్టి డి.ఎడ్., బి.ఎడ్. శిక్షణలో నిత్యాభ్యాసము కావలెను. దరఖాస్తుల వివరములు ఒక్కొక్కరిని విడిగా పిలిచి అడుగవలెను. జవాబుపత్రములు పేర్లు కప్పి దిద్దవలెను. వారమంతయు ఎవరిని ప్రశ్నించితిమో, ఎవరిని మెచ్చుకొంటిమో, ఎవరిచేత పని చేయించితిమో ఛాత్రోపాధ్యాయులు వ్రాసికొని తోటివారితో చర్చింపవలెను. ఇది ఉపాధ్యాయులపై నిందారోపణ యని కొందరు నొచ్చుకొనవచ్చును. శస్త్రచికిత్సకు ముందు చేతులు కడుగుకొనుట వైద్యునికి అవమానము కానట్లే, బోధనకు ముందు తన మనస్సును శోధించుకొనుట ఉపాధ్యాయునికి అవమానము కాదు. వ్యయము స్వల్పమైన ఈ పనిని శిక్షణకళాశాలలు వచ్చు విద్యాసంవత్సరముననే ఆరంభింపవలెను.