పత్తి పూసే నెలల్లో మనమెక్కడున్నాం?

గద్వాల దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. మా నడిగడ్డలో హాజరు పట్టీ తెరిస్తే చాలు, చేలో సీడు పత్తి ఏ దశలో ఉందో తెలిసిపోతుంది. జూన్‌లో తరగతి నిండుగా ఉంటుంది. ఆగస్టు సగం దాటేసరికి ఆడపిల్లల పేర్ల ఎదుట ఆబ్సెంట్లు మొదలవుతాయి. దీపావళి పోయాక ఒక్కొక్కరే తిరిగొస్తారు. కొందరు రానే రారు.

సీడు పత్తి సంగతి ఎరగనివారికి కొంచెం చెప్పాలి. హైబ్రిడ్ పత్తి విత్తనం చేతులతో తయారయ్యేదే. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే ఎంచి, రేకులూ పుప్పొడి తిత్తులూ గోటితో ఒలిచేయాలి. మధ్యలోని సన్నటి కాడకు దెబ్బ తగలకూడదు. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి ఆ కాడకు అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. మొగ్గ మొగ్గకూ ఇలాగే, రోజూ, రెండు మూడు నెలలు. ఆడపిల్లల వేళ్లు సన్నం, వాళ్ల ఎత్తుకు చెట్టు సరిగ్గా అందుతుంది అని చెబుతారు. పిల్లలకు ఇచ్చే కూలి తక్కువన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నవంబరులో బడికొచ్చింది. కుడిచేతి బొటనవేలి గోరు అరిగి, దాని చుట్టూ చర్మం నల్లగా పగిలి ఉంది. పెన్ను పట్టుకుంటే మంట అని చూపుడువేలికీ నడివేలికీ మధ్య ఇరికించి రాసుకుంది. గంట కొట్టాక నా బల్ల దగ్గరికొచ్చి, "మేడం, త్రిభుజాలు అయిపోయినయా?" అని అడిగింది. అయిపోయాయి. మళ్లీ చెప్పడానికి నాకు పీరియడ్ లేదు. ఆ పిల్ల పదో తరగతికి రాలేదు.

తల్లిని నేను తప్పుపట్టలేను. విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ దగ్గర పెట్టుబడికి అడ్వాన్సు తీసుకున్న ఇల్లు అది. ఊరంతా ఒకేసారి క్రాసింగ్‌కు దిగితే పెద్ద కూలీలు దొరకరు. "మా చేనే గద మేడం, పరాయోళ్ల కాడికి తోలినమా?" అందామె. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కూడా, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ ప్రమాదం లేని కుటుంబ పనిలో సాయపడటాన్ని ఒప్పుకుంటుంది. కానీ పువ్వు బడి గంట చూసుకుని విచ్చుకోదు కదా!

ఇప్పుడు నేను పట్నంలో ఒక మహిళా సేవా క్లబ్బు సభ్యురాలిని. మంచి మనసున్న ఆడవాళ్లం. మార్చి 8న కుట్టుమిషన్లు ఇస్తాం, జూన్‌లో నోటుబుక్కులు పంచుతాం. అవి అక్కరకొచ్చేవే. కానీ ఆడపిల్ల చేజారిపోయేది ఆగస్టుకూ నవంబరుకూ మధ్య. ఆ నెలల్లో మా క్లబ్బు బతుకమ్మ, దసరా సందడిలో ఉంటుంది. మన సేవ పంటకాలాన్ని బట్టి నడవాలని నేను కొన్నాళ్లుగా అడుగుతున్నాను.

వస్తువులు పంచడంతో ఆగకుండా దగ్గరుండి సేవ చేయడం కొత్త సంగతేమీ కాదు. మహిళా సేవా సంస్థ ఇన్నర్ వీల్‌కు 1924లో మాంచెస్టర్‌లో పునాది వేసిన మార్గరెట్ గోల్డింగ్ నర్సుగా పనిచేసిన మనిషి. ఎనిమిదేళ్లకే పెళ్లయిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడికి దూరమైన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టింది. వస్తువులు ఇచ్చి ఊరుకోలేదు, దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది. అంత దూరం ఎందుకు, 1993లో మహిళా సమతా కార్యక్రమం అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో అడుగుపెట్టింది పాలమూరు, మెదక్ జిల్లాల్లోనే. బడి మానిన ఆడపిల్లలను కేంద్రాల్లో ఉంచి, చదువు చెప్పి, మళ్లీ బడిలో చేర్పించారు. ఊరి సంఘం ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడారు. ఆ పనికి నిధులు ఆగిపోయాక ఏర్పడిన ఖాళీ పెద్దది.

కల్యాణలక్ష్మి కింద పద్దెనిమిది నిండిన పేదింటి పెళ్లికూతురి తల్లికి ప్రభుత్వం 1,00,116 రూపాయలిస్తోంది. మంచిదే. కానీ పద్నాలుగేళ్లకే బడి వదిలిన పిల్ల ఆ నాలుగేళ్లు ఎక్కడుండాలి? చేలో, లేదా చిన్నచెల్లిని ఎత్తుకుని గడపలో.

మా క్లబ్బులో ఇద్దరు రిటైర్డు టీచర్లం, ఒక నర్సు, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నాం. క్రాసింగ్ మూడు నెలలూ వారానికి మూడు రోజులు, రాత్రి ఏడింటికి, ఒక్క ఊళ్లో ఆ పిల్లలకు తప్పిపోయిన పాఠాలు చెబితే చాలు. గోళ్లకు మందు రాయడం నర్సు చూసుకుంటుంది. హెడ్మాస్టరు తరగతి గది తాళం ఇస్తానన్నారు. వచ్చే ఆగస్టు మీటింగు ఫంక్షన్ హాల్లో వద్దని, ఆ ఊరి బడి వరండాలో పెట్టమని సెక్రటరీకి రాసిచ్చాను. మొదటి రోజు త్రిభుజాలు నేనే చెబుతాను.