ఇంజను నిజంగా బిగుసుకున్నదా?

మన టౌన్‌షిప్‌లలో పాత క్వార్టర్ల వెనుక, రేకుల షెడ్లలో దుమ్ము కప్పుకున్న అంబాసిడర్ కనిపించడం అరుదేమీ కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. తండ్రిగారు ప్రావిడెంట్ ఫండ్ సొమ్ముతో కొన్న ఆ బండిపై పిల్లలకు మమకారం మాత్రం తరగలేదు. పండుగకు వచ్చిన కుమారుడు తాళం తిప్పుతాడు. 'టక్' మని ఒకే శబ్దం; ఇంజను కదలదు. ఎవరో "సీజ్ అయిందండీ" అంటారు. సాయంత్రానికి పాత ఇనుము కొనేవాడు గుమ్మంలో ఉంటాడు. అతనితో బేరం కుదిరేలోగా ఇంటివద్దనే చేసుకోదగిన పరీక్షలను గూర్చి ఈ మాసం ముచ్చటిస్తాము.

ఇంజను తిరగకపోవడం వేరు, బిగుసుకుపోవడం వేరు. తొలి అనుమానం బ్యాటరీపై పడాలి. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీని అమర్చి, టెర్మినళ్లపై పేరుకున్న పొడిని శుభ్రపరచిన తరువాతే ముందుకు సాగాలి. అప్పటికీ ఫలితం లేకుంటే బ్యాటరీ తీగను తొలగించి, స్టార్టరును విప్పి ప్రక్కన పెట్టండి. దాని పినియను ఫ్లైవీలు పళ్లలో ఇరుక్కున్నా ఇంజను బిగుసుకున్నట్లే తోస్తుంది. ఫ్యాను బెల్టును కూడా తీసివేయడం మంచిది. డైనమోయో, వాటర్ పంపో పట్టివేసి ఉంటే గుట్టు అక్కడే బయటపడుతుంది.

ఇక ముఖ్యమైన మాట. గేరులో వేసి నలుగురిచేత తోయించడం, మరో బండికి కట్టి లాగించడం అస్సలు కూడదు. హెడ్ గాస్కెట్ చెడి సిలిండరులోకి నీరు చేరి ఉండవచ్చు. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది. నీరు అలా కాదు. పిస్టను పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బాగుపడవలసిన ఇంజన్లు తుప్పుకన్న ఈ తొందరకే ఎక్కువగా బలి అవుతాయని మా అభిప్రాయం.

కనుక స్పార్కు ప్లగ్గులు నాలుగింటినీ విప్పి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి, క్రాంకు పుల్లీ నట్టుకు స్పానరు తగిలించి నెమ్మదిగా త్రిప్పి చూడండి. ప్లగ్గు రంధ్రాల నుండి నీరు చిమ్మి ఇంజను తిరిగితే రోగం గాస్కెట్‌ది. కొంత తిరిగి ప్రతిసారీ ఒకే చోట ఠక్కున ఆగితే, రాకర్ కవరు తీసి చూడాలి. వాల్వు పట్టివేసి పుష్ రాడ్డు వంగి ఉండవచ్చు. ఎటూ వెంట్రుకవాసి కూడా కదలకుంటే అప్పుడు బిగుసుకున్నదనే మాట అనవచ్చు.

ఎందువల్ల బిగుసుకున్నదో పనిముట్లకన్న ఇంట్లోవారి జ్ఞాపకమే బాగా చెబుతుంది. "ఆఖరిసారి ఎలా ఆగింది?" అని అమ్మగారిని అడగండి. దారిలో పొగలు క్రక్కి ఆగిందంటే పిస్టన్లో, బేరింగులో వేడికి పట్టివేసి ఉంటాయి. డిప్‌స్టిక్ నూనెలో లోహపు మెరుపు కనబడితే అది బేరింగుల అరుగుదలకు గుర్తు. అటువంటి ఇంజను విప్పక తప్పదు. చక్కగా నడిచి వచ్చి షెడ్డులో నిలిచి, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నదంటే ఆశ ఎక్కువ. ఇంజను ఏ స్థితిలో ఆగినా ఏదో ఒక సిలిండరు వాల్వు తెరుచుకునే ఉంటుంది. అందులోంచి వర్షాకాలపు తేమ చేరి, రింగులు గోడకు తుప్పుతో అంటుకుంటాయి.

దీనికి మందు ఓపిక. డీజిలునూ ఇంజను ఆయిలునూ సమపాళ్లలో కలిపి ఒక్కొక్క ప్లగ్గు రంధ్రంలో మూడు నాలుగు చెంచాలు పోసి వారం రోజులు నాననివ్వండి. రోజుకొకసారి స్పానరుతో అటూ ఇటూ మెల్లగా ఊపండి. బలం చాలలేదని స్పానరుకు పొడవాటి పైపు తగిలించవద్దు. నట్టు తెగితే అదొక కొత్త మరమ్మతు. అంటుకున్నది వదిలేటప్పుడు తొలుత వెంట్రుకవాసి మాత్రమే కదులుతుంది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది.

ఇంజను పూర్తిగా తిరిగిన రోజునే తాళం తిప్పాలన్న ఉబలాటం సహజమే. కాని పోసిన డీజిలు సంపులోకి దిగి ఉంటుంది కనుక ఆయిలు మార్చాలి. ట్యాంకులోని పాత పెట్రోలును తీసివేయాలి. స్టార్టరును తిరిగి బిగించి, కాయిల్ తీగ ఊడదీసి, ప్లగ్గు రంధ్రాలపై గుడ్డ కప్పి, బీడీ కాల్చేవారిని దూరంగా పంపి కొద్ది క్షణాలు మాత్రమే త్రిప్పండి. మిగిలిన నూనె ఆ గుడ్డలోకి వస్తుంది. ఆపైన కంప్రెషన్ గేజితో నాలుగు సిలిండర్లనూ కొలవండి. ఒకటి మిగతావాటికన్న బాగా తక్కువ చూపితే, అక్కడ ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకుంటే సాధారణంగా వాల్వులది.