ఉప్పు చూసే విషయంలో ఒక ఫిర్యాదు

జుమా నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద పది నిమిషాలు నిలబడితే చాలు, లోకంలో ఉన్న ఫిర్యాదులన్నీ చెవిన పడతాయి. లోపల అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకొని సలాం తిప్పిన నోరే, బయటికొచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టేలోగా గొణగడం మొదలుపెడుతుంది. ఫ్యాను తిరగలేదని ఒకరు, పక్కవాడి మోచెయ్యి పొడుచుకుందని ఒకరు, వజూ దగ్గర కుళాయి కారుతోందని ఇంకొకరు. తల నెరిసిన నేరానికి ఈ ఫిర్యాదులన్నీ ఈ మధ్య నా దగ్గరికి రావడం మొదలైంది. నేను ముఫ్తీని కాను, మౌల్వీని అంతకన్నా కాను. మస్లా అడగాలంటే ఆలిముల దగ్గరికే వెళ్లండని ముందే చెప్పేస్తాను. కానీ మస్లాకు తక్కువ, తలనొప్పికి ఎక్కువ అయిన సంగతులు కొన్ని ఉంటాయి. వాటికి ఫత్వా అక్కర్లేదు. కాస్త ఇంగితం, కాస్త నవ్వు ఉంటే సరిపోతుంది.

ముందు చెప్పుల సంగతి తేల్చేద్దాం. కొత్త చెప్పులతో నమాజుకు వచ్చేవారికి సజ్దాలో కూడా మనసు గుమ్మం దగ్గరే ఉంటుంది. వారికి నా సలహా ఒక్కటే. ఒక చెప్పు తూర్పు తలుపు దగ్గర, రెండోది ఉత్తరం తలుపు దగ్గర వదలండి. ఒంటి చెప్పును ఎత్తుకుపోయే దొంగ ఇంకా పుట్టలేదు. ఒక భాయి ఈ సలహా పాటించి, ఉత్తరం తలుపు సంగతి మరచిపోయి, ఒంటి చెప్పుతో ఇల్లు చేరాడట. దానికి నన్ను బాధ్యుణ్ణి చేయవద్దని మనవి.

ఇమాము సాబుగారి మీద వచ్చే ఫిర్యాదులకైతే లెక్కే లేదు. బయాన్ పొడుగు, ఖిరాత్ పొడుగు, దుఆ పొడుగు. నిజం చెప్పాలంటే ఇది కొత్త ఫిర్యాదేమీ కాదు. హజ్రత్ ముఆజ్ (ర) ఇషా నమాజులో సుదీర్ఘమైన బఖరా సూరా ఎత్తుకుంటే, పగలంతా ఒంటెలతో పనిచేసి అలసి వచ్చిన ఒకాయన జమాఅత్ విడిచి, తన నమాజు తాను చదువుకొని వెళ్లిపోయాడు. సంగతి దైవప్రవక్త (స) దాకా వెళ్లింది. ఆయన మందలించింది ఆ కష్టజీవిని కాదు, తనకెంతో ప్రియమైన ముఆజ్ (ర)నే. చిన్న సూరాలు చదవమన్నారు. వెనక వరసలో పసిపిల్ల ఏడుపు వినిపిస్తే తానే నమాజును కుదించేవారు. కనుక ఫిర్యాదుదారుల పక్షాన కొంత న్యాయముంది. అయితే మొన్న బయాన్ మరీ పొడుగైందంటూ నా దగ్గరికి వచ్చిన భాయిని, మసీదులోకి ఎప్పుడు వచ్చారని అడిగాను. రెండో ఖుత్బా నడుస్తుండగా వచ్చాడట. మరి బయాన్ పొడుగని ఎలా తెలిసిందయ్యా అంటే, ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చొని మైకులో మొత్తం విన్నాడట! ఇమాము సాబుగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే వచ్చే వారం టీ కొట్టు మీదే బయాన్ ఉంటుంది.

ఆడవాళ్ల ఫిర్యాదులు మసీదు మెట్ల దాకా రావు. అవి మా ఇంటి వంటగది గుమ్మం మీదుగా వస్తాయి. అలా వచ్చినవాటిలో ఒకదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మా వీధిలోనే ఉండే ఒక సోదరి రమజాన్ రోజుల్లో మా ఆవిడ దగ్గర కూర్చొని కళ్లనీళ్లు పెట్టుకుంది. సహరీకి అందరికంటే ముందు లేచేది ఆమె, అందరి తర్వాత తినేది ఆమె. అసర్ నమాజు అయిందంటే పొయ్యి ముందు నిలబడాలి. సమోసాలు, మిర్చి బజ్జీలు, దహీ వడ, శనగ గుగ్గిళ్లు, గంజి, పండ్ల ముక్కలు, షర్బత్. ఇన్నీ చేసి దస్తర్‌ఖాన్ మీద సర్దేసరికి అజాన్ వినబడుతుంది. భర్తగారు ఖర్జూరం నోట్లో వేసుకొని, ఒక గుటక నీళ్లు తాగి, ఒక సమోసా కొరికి ఆ రోజు పలికే మొదటి మాట, "ఉప్పు లేదు." మర్నాడు, "ఉప్పెక్కువైంది." ఆమె కూడా ఉపవాసంతోనే ఉంది కదా, ఎలా తెలుస్తుంది? రోజాలో ఉండి ఉప్పు చూడవచ్చా అన్నది ఆమె ప్రశ్న.

ఇది మస్లా కనుక ఒక ఆలిమును అడిగి తెలుసుకున్నాను. ఆయన చెప్పింది విన్న తర్వాత నాకు రెండు రోజులు నవ్వు ఆగలేదు. హనఫీ ఫిఖా గ్రంథాల ప్రకారం, ఏ అవసరమూ లేకుండా రోజాలో దేన్నయినా రుచి చూడటం మక్రూహ్. కానీ భర్త దుష్ట స్వభావం కలవాడైతే, ఉప్పు కారాల కోసం రభస చేసేవాడైతే, ఆ ఇల్లాలు నాలుక కొసతో రుచి చూసి, ఏమీ మింగకుండా ఉమ్మేయవచ్చు. ఔరంగజేబు కాలంలో ఎందరో ఉలమాలు కలిసి కూర్చిన ఫతావా ఆలంగీరీలోనూ ఈ మాట ఉంది. ఒక్కసారి ఆలోచించండి. రాజ్యానికి, వ్యాపారానికి, వారసత్వానికి సంబంధించిన వేలాది చిక్కులను పరిష్కరిస్తున్న మహా పండితులు, మధ్యలో ఆగి ఈ భర్తగారి కోసం కొంత చోటు కేటాయించారు. పైగా అది వారు కొత్తగా రాసిందీ కాదు, అంతకు ముందరి గ్రంథాల నుంచి తీసుకున్నది. అంటే ఉప్పు లేదని అరిచే మగవాడు మొగలాయీలకంటే పాతవాడన్నమాట.

ఇందులో భర్తలు గమనించవలసిన కిటుకు ఒకటుంది. మీ ఇంట్లో ఇఫ్తార్‌కు ముందు మీ ఆవిడ గరిటె చివర పులుసు తీసి నాలుకకు తాకించిందంటే, ఆమె చూసింది ఉప్పు ఒక్కటే కాదు. మీ స్వభావం ఎలాంటిదో ధ్రువీకరించి, ఆ పత్రం మీద ముద్ర కూడా వేసింది! ఈ సంగతి ఆ సోదరికి మా ఆవిడ ద్వారా చేరింది. తర్వాతి శుక్రవారం ఆ భర్తగారే మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు. "ఏం మామూ, మా ఇంట్లో ఏం చెప్పించారు? మా ఆవిడ ఇకమీదట ఉప్పు చూడదట. నేను చాలా మంచివాణ్ణట, అందుకని ఆమెకు అనుమతి లేదట. ఇప్పుడు ఉప్పు లేకపోయినా నోరెత్తడానికి లేకుండా పోయింది" అని మొత్తుకున్నాడు. ఒక చిన్న గిన్నెలో ఉప్పు పోసి దస్తర్‌ఖాన్ మీద పెట్టుకోమని సలహా ఇచ్చి పంపించాను.

నవ్వులాట అటుంచితే, నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారు, లేకపోతే ఊరుకునేవారని హజ్రత్ అబూ హురైరా (ర) చెప్పిన హదీసు మనందరికీ తెలుసు. ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో చేయి వేసేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. గడ్డం సున్నత్ అని, మిస్వాక్ సున్నత్ అని గుర్తుంచుకొనే మనం ఈ రెండు సున్నతులనూ మాత్రం చాలా సౌకర్యంగా మరచిపోతాం. రమజాన్ ఖురాన్ అవతరించిన నెల. ఆ నెలలో మగవాళ్లు మసీదుల్లో పారాలు పూర్తి చేస్తుంటే, ఆడవాళ్లు నూనె మూకుడు ముందు సమోసాలు పూర్తి చేస్తున్నారు. ఇఫ్తార్‌కు ముందు ఘడియలు దుఆకు ఎంత విలువైనవో ఇమాము సాబుగారు మైకులో చెబుతుంటే, ఆ మాట మా ఇళ్లలోకి బజ్జీల చప్పుడులో కలిసిపోయి వినిపిస్తుంది. ఏడు రకాలను మూడుకు తగ్గిస్తే ఎవరి రోజా చెడుతుంది? ఖర్జూరం, నీళ్లు, ఒక గిన్నె గంజి. తర్వాత అన్నం ఎలాగూ ఉంది. పండ్లు కోయడానికి మగవాళ్ల చేతులకు వచ్చిన నొప్పేమీ లేదు. చెప్పేవాడికి చేసి చూపే పని ఉంటుందని మా ఆవిడ పక్క నుంచి గుర్తు చేస్తోంది. కిందటి రమజాన్ నుంచి మా ఇంట్లో పుచ్చకాయ కోయడం నా శాఖే.

ఇక పెళ్లిళ్ల సంగతి. కార్డు మీద మగ్రిబ్ తర్వాత నిఖా అని ఉంటుంది. కార్డు నమ్మి వెళ్లినవాడికి కుర్చీలు సర్దే కుర్రవాళ్లే స్వాగతం చెబుతారు. పెళ్లికొడుకు పదింటికి వస్తాడు, దస్తర్‌ఖాన్ పదకొండింటికి పరుస్తారు. చక్కెర జబ్బు ఉన్న నాలాంటివాళ్లకు నా సలహా, ఇంట్లో రెండు రొట్టెలు తిని బయలుదేరండి. ఆడపిల్ల తండ్రి ఫిర్యాదు మాత్రం రొట్టెలతో తీరేది కాదు. వలీమా విందు సున్నత్ అయింది మగపిల్లవాడి వైపు. నిఖా రోజు రెండు రకాల బిర్యానీ, చికెన్ ఒక రకం, మటన్ ఒక రకం, ఖుబానీ కా మీఠా పెట్టి వెయ్యి మందికి భోజనాలు పెట్టమని పిల్ల తండ్రికి ఎవరు చెప్పారు? అప్పు చేసి మరీ ఎందుకు పెట్టావయ్యా అని మొన్న ఒకాయనను అడిగితే, "నలుగురూ ఏమనుకుంటారు మామూ" అన్నాడు. ఆ నలుగురి పేర్లూ చిరునామాలూ కనుక్కొని, వడ్డీ వాయిదాలు వాళ్లను కట్టమను అన్నాను. నవ్వాడు గాని, ఆ నవ్వు చూడలేకపోయాను. ఆ వడ్డీ హరామని కూడా అతనికి తెలుసు. వెయ్యి మందిలో తిన్నవాళ్లెవరికీ అతని బాకీ సంగతి తెలియదు. బిర్యానీలో మసాలా తక్కువైందన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది.

కాలేజీలో చదివే ఒక అమ్మాయి ఫిర్యాదు వేరు. కొత్తవాళ్లెవరైనా ఆమె పేరు విని, "మీరు ముస్లిమ్సా? తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!" అంటారట. ఆమె పుట్టింది, వాళ్ల తాత పుట్టింది గుంటూరు జిల్లాలో. కలలు కూడా తెలుగులోనే కంటుంది. అదే పిల్ల హైదరాబాదులో చుట్టాల పెళ్లికి వెళితే, ఆమె ఉర్దూ విని అక్కడి ఆపాలు చీర చెంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతారు. ఇటు మెచ్చుకోలు, అటు నవ్వులాట, రెండూ గుచ్చుకుంటాయి. మొదటివాళ్లకు నేను నేర్పించిన జవాబు, "మీరూ బాగానే మాట్లాడుతున్నారండీ!" చాలామందికి వెంటనే అర్థమవుతుంది, కొందరికి ఇంటికి వెళ్లాక అర్థమవుతుంది. ఇంకా ఆశ్చర్యపోయేవాళ్లు మిగిలితే పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారి పేరు చెప్పమన్నాను. చిలుకూరి నారాయణరావుగారి వంటి పండితులు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన సంగతీ చెప్పమన్నాను. రెండోవాళ్లకు మాత్రం జవాబు అక్కర్లేదు. ఖుబానీ కా మీఠా ఎలా చేస్తారో ఉర్దూలో అడిగితే చాలు, నవ్వు మరచిపోయి గంటసేపు చెబుతారు. ఆ గంటలో కొంత ఉర్దూ వస్తుంది, కొంత మీఠా వస్తుంది.

మా వెనక వీధిలో ఒక ఖాలా ఉన్నారు. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో, కూతురు బెంగళూరులో. నెలవంక అక్కడ సాధారణంగా ఒక రోజు ముందే కనిపిస్తుంది కనుక, ఖాలా ఇక్కడ ఆఖరి రోజాలో ఉండగానే కొడుకులు ఫోన్‌లో ఈద్ ముబారక్ చెప్పేస్తారు. మర్నాడు ఇక్కడ పండుగ పూట ఖాలా ఫోన్ చేస్తే వాళ్లు నిద్రలో ఉంటారు. ఆమె ఫిర్యాదు అది అనుకున్నాను. కాదు. "నాయనా, ఉప్పెక్కువైందని అనేవాళ్లు లేరు. ఆయన ఉన్నన్నాళ్లూ అన్నారు, ఉన్నన్నాళ్లూ లోపల తిట్టుకున్నాను. ఇప్పుడు నాకు సరిపోయేంతే వేసుకుంటున్నాను, ఏం రుచో తెలియడం లేదు" అన్నారు.

దానికి నా దగ్గర సలహా లేకపోయింది. మా ఆవిడ దగ్గర ఉంది. కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమన్న హదీసును ఆమె తిరగేసి అమలు చేసింది. కూరను పంపడం కాదు, తినేవాళ్లనే పంపింది. ఆ ఉప్పు సోదరి పిల్లలు ముగ్గురూ రమజాన్‌లో వారానికి రెండు రోజులు ఖాలా ఇంట్లో ఇఫ్తార్ చేశారు. ఆ రెండు రోజులూ తల్లికి పొయ్యి దగ్గర పని తగ్గి ఖురాన్ తెరిచే తీరిక దొరికింది. పిల్లలు మాత్రం సమోసాల్లో మిరపకాయ మంట అని, షర్బత్‌లో చక్కెర చాలలేదని, గంజి చల్లారిందని ఖాలా ప్రాణం తీశారట. నిన్న దారిలో కనిపించి, ఈ కాలం పిల్లలకు నోరు ఎంత పెద్దదయిందో ఖాలా నాకు ఫిర్యాదు చేశారు. ఎండలో నిలబెట్టి అరగంట సేపు చేశారు.