ద్రాక్షారామం ఆడపడుచు ఏ పుస్తకంలో ఉంది?

దువ్వూరి సుబ్బమ్మ 1880లో ద్రాక్షారామంలో పుట్టారు. పసితనంలో పెళ్లి, చిన్న వయసులోనే వైధవ్యం. వితంతువు నలుగురిలోకి రావడమే అపచారమనుకునే కాలంలో ఆమె సభలెక్కి స్వరాజ్యం గురించి మాట్లాడారు. 1922లో ఏడాది జైలుశిక్ష పడింది. పిల్లల కోసం రాసే సమరయోధుల పుస్తకాల్లో ఆమె ఉంటే గింటే ఒక్క వాక్యంలో ఉంటారు: జైలుకెళ్లిన తొలి ఆంధ్ర మహిళ అని. తెల్లదొరను ఎదిరించిన సంగతి రాస్తాం. అంతకుముందే ఇంటి ఆచారాన్ని, ఊరి నోటిని ఆమె ఎదిరించిన సంగతి వదిలేస్తాం.

ఈ వదిలేయడంలో పెద్ద ప్రమాదం ఉంది. పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలు కథను కథగానే తీసుకుంటారు. అట్టమీద చరిత్ర అనో జీవితచరిత్ర అనో ఉంటే మాత్రం మారుమాట లేకుండా నమ్ముతారు. రాసినవారెవరు, ఎవరిని వదిలేశారు, ఆడమనిషి మీద తీర్పు చెప్పిందెవరు అని అడగడం మన బడుల్లో ఎవరూ నేర్పడం లేదు.

అలా అడగకపోతే ఏమవుతుందో గోదావరి తీరంలోనే చూశాం. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. ఆ రుణం తీరేది కాదు. కానీ కవుల చరిత్ర రాసేటప్పుడు, తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనం’ ఆడవాళ్లు వినదగనిదని ఆయనే తీర్పిచ్చారు. మగకవుల శృంగారానికి లేని సిగ్గు ఆడకవికే ఎందుకుండాలని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ నిలదీశారు. 1910లో ఆ కావ్యాన్ని తిరిగి అచ్చువేయించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం అశ్లీలమంటూ ప్రతులు పట్టుకుంది. 1947లో ప్రకాశం పంతులు హయాంలో గాని నిషేధం తొలగలేదు. స్త్రీల మేలు కోరిన మహానుభావుడి కలమే ఒక స్త్రీ రచనను మరుగున పడేసే పనికి ఊతమైతే, మిగతావారి పుస్తకాలను కళ్లు మూసుకుని పిల్లల చేతికి ఎలా ఇవ్వగలం?

నవలల సంగతి ఇంకా కలవరపెడుతుంది. అమ్మాయి వద్దన్నా వెంటపడేవాడే నాయకుడైన వారపత్రికల సీరియళ్లు రెండు తరాల పాటు ఇంటింటా చదివాం. 2008లో వరంగల్‌లో ప్రేమ నిరాకరించిన ఇంజనీరింగు విద్యార్థిని మీద, ఆమె స్నేహితురాలి మీద యాసిడ్ పోశారు. ఆ నేరం నవల వల్ల జరిగిందని అనడం లేదు. ‘వద్దు’ అంటే వద్దనే అర్థమని ఈడొచ్చిన మగపిల్లలకు చెప్పే పుస్తకాలు మన అలమరాల్లో ఎన్ని ఉన్నాయన్నదే మా భయం.

ద్రాక్షారామంలోని భీమేశ్వరాలయం చూడటానికి బడి పిల్లలు వస్తారు. తండ్రి దక్షుడి యజ్ఞంలో అవమానపడి ఆహుతైన సతీదేవి కథ వింటారు. అదే గుడి శాసనాల్లో అఖండ దీపాలకు దానాలిచ్చిన స్త్రీల పేర్లున్నాయి. వాటిని పిల్లలకు చదివి వినిపించేవారేరీ?

ఇలాంటి చదువుతో ఆడపిల్లలు చెడిపోతారనేవారు ఇప్పటికీ ఉన్నారు. చదువు స్త్రీలను చెడగొడుతుందన్న మాటకు భండారు అచ్చమాంబ నూరేళ్ల కిందటే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో నిజమైన స్త్రీల జీవితాలతో జవాబిచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లోనే వచ్చింది. పుస్తకాల్లేవన్న సాకు చెల్లదు.

ద్రాక్షారామం, రామచంద్రపురం హైస్కూళ్ల ప్రధానోపాధ్యాయులకు, శాఖా గ్రంథాలయాల వారికి మా విన్నపం ఒక్కటే. ఈ విద్యాసంవత్సరంలోనే ఆ రెండు పుస్తకాలూ తెప్పించండి. ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చదివించండి, వాళ్లు అడిగే ప్రశ్నలకు అడ్డుపడకండి.