ఒకటే ప్రశ్న.. మూడు అంకెలు! ఏది రాయాలి?

దేశంలో నిరుద్యోగం ఎంత? ప్రాజెక్టు రిపోర్టు కోసం ఈ అంశం తీసుకున్నారనుకోండి. వెతికితే ఒకచోట 3.2 శాతం, ఇంకోచోట 5.1, మరోచోట 9.2 అని కనిపిస్తుంది. చాలామంది మొదట దొరికిందో, తమ వాదనకు సరిపోయేదో రాసేసి ముందుకెళ్లిపోతారు. వైవాలో ‘ఈ అంకె ఎక్కడిది?’ అని అడిగితే అక్కడే దొరికిపోతారు.

తేడా ఎందుకు?

ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు. లెక్క కట్టిన పద్ధతులే వేరు.

3.2 శాతం: కేంద్ర గణాంక శాఖ నిర్వహించే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే 2023-24 వార్షిక అంకె ఇది. 15 ఏళ్లు దాటినవారికి వర్తిస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా, 30 రోజులకు తగ్గకుండా ఏదైనా పని చేస్తే ఉపాధి ఉన్నట్టే లెక్క.

5.1 శాతం: అదే సర్వే 2025 ఏప్రిల్ నెల అంకె. ఇక్కడ చూసేది గత ఏడు రోజులే. ఆ వారంలో ఒక్క గంట పని చేసినా నిరుద్యోగి కాదు.

9.2 శాతం: సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ 2024 జూన్‌కు ఇచ్చిన అంచనా. సర్వే రోజునో, ముందు రోజునో పని ఉందా అని అడుగుతుంది. ఇంటి దుకాణంలో జీతం లేకుండా సాయం చేసే కుర్రాడు పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ఉద్యోగి, ఇక్కడ మాత్రం కాదు.

ఇంకో మాట. పీఎల్‌ఎఫ్‌ఎస్ 2023-24లోనే 15-29 ఏళ్ల వారిలో నిరుద్యోగం 10.2 శాతం. మీ పేపర్ యువత గురించైతే 3.2 రాయడం మీకు మీరే అన్యాయం చేసుకోవడం.

ఒక్క సోర్సు చాలదు

ఈపీఎఫ్‌వో 2018 నుంచి నెలనెలా కొత్త చందాదారుల లెక్కలు ఇస్తోంది. వాటిని ‘కొత్త ఉద్యోగాలు’ అని రాసేయకండి. సాధారణంగా 20 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలకే పీఎఫ్ వర్తిస్తుంది. 19 మంది ఉన్నచోట ఇంకొకరు చేరితే, పాతవాళ్లు కూడా లెక్కలోకి కొత్తగా వస్తారు.

కాలేజీ స్థాయి సమాచారానికి ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు సంస్థలు సమర్పించిన వివరాలు చూడండి. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ప్లేస్‌మెంట్ వచ్చింది, మధ్యస్థ వేతనం ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఫ్లెక్సీ మీద ‘95 శాతం ప్లేస్‌మెంట్లు’ అని ఉంటే, అది మొత్తం విద్యార్థుల్లోనా, డ్రైవ్‌కు అర్హులైన వారిలోనా అని అడగాలి.

చివరగా మీరే ఓ చిన్న సర్వే చేయండి. మీ కోర్సు పూర్తిచేసిన 30 మంది సీనియర్లతో మాట్లాడండి. కానీ జాగ్రత్త: వాట్సాప్ గ్రూపులో ఫారం పెడితే ఉద్యోగం వచ్చినవాళ్లే హుషారుగా నింపుతారు, రానివాళ్లు మౌనంగా ఉండిపోతారు. అందుకే పాత హాజరు జాబితా తీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మేలు. ఎందరు స్పందించలేదో కూడా రిపోర్టులో రాయండి.

ఏఐని అడిగితే?

అంశం అర్థం చేసుకోవడానికి వాడొచ్చు. అది ఇచ్చే రిఫరెన్సులను మాత్రం తెరిచి చూడకుండా రాయొద్దు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు, వారి సంస్థ చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకిచ్చి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. ఇక కాపీ విషయానికొస్తే, యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీజీ థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి.

ఇలా రాయండి

ప్రతి అంకె పక్కన నాలుగు వివరాలు ఉండాలి: ఎవరు లెక్కించారు, ఎప్పుడు, ఏ వయసు వారిని, ఏ నిర్వచనంతో. రెండు సోర్సులు విభేదిస్తే ఒకటి దాచేయకండి. రెండూ పక్కపక్కన పెట్టి తేడాకు కారణం ఒక పేరాలో చెప్పండి. మీ పేపర్‌కు విలువ తెచ్చేది ఆ పేరానే. గ్రూప్స్ మెయిన్స్ వ్యాసంలోనైనా, ఇంటర్వ్యూలో నిరుద్యోగంపై ప్రశ్న ఎదురైనా పనికొచ్చేదీ అదే.